పూసేదాకా నీళ్లు

సర్కారు తోటల కొలువులో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ఒక్కటే: "సార్, ఏ మొక్క పెడితే మంచిగ పూస్తది?" నేనూ చాలా ఏళ్లు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాను కాబట్టి వాళ్లను తప్పుపట్టను. కానీ అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఏమిటో నాకు నేర్పింది నీళ్లు మోసే ఒక ఆడమనిషి. అదీ నేను ఆమె మీద ఒక చెడ్డ మాట రాసిన తర్వాత. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు ఏ యేడు ఏ హోదా వచ్చిందో కాగితాల సంచిలో ఉంది. వాటిమీద నాకంటే చెదలకే ఎక్కువ ఇష్టం.

ఉస్తాదు చెప్పింది, నేను విననిది

మాది మంథని. గోదావరి పక్కన పుట్టినవాడికి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయన్న ఆలోచన రాదు. గాలిలాగా అవీ ఉంటాయనుకుంటాడు. పోలీసు చర్య జరిగిన మరుసటి యేడు కరీంనగర్‌లో తోటల కొలువులో చేరేనాటికి నేను అలాంటివాణ్నే.

అక్కడ నా మొదటి పైఅధికారి తోటల మీద అజమాయిషీ చేసే పాతకాలపు దారోగా సాబు. తెల్లగడ్డం, చేతిలో ఎప్పుడూ ఒక వేపపుల్ల. ఏ తోటకు వెళ్లినా ముందు బావి దగ్గరికి నడిచి, లోపలికి ఒక రాయి వేసి, చప్పుడు విన్న తర్వాతే మొక్కల వైపు తిరిగేవాడు. నాకు అదొక ముసలి అలవాటుగా కనిపించేది.

"బేటా, మొక్క సంగతి తర్వాత. ముందుగాల బాయి చూడు," అనేవాడు. "చూసుడు గూడ ఎండకాలం పగటీలి రెండు గంటలకు చూడాలె. పొద్దుగాల పోతే ప్రతి తోట పెండ్లిపిల్ల లెక్కనే ఉంటది."

అలాగే సాబు అని తలూపేవాణ్ని. వింటే మాత్రం ఒట్టు. చల్లటి పొద్దుట ఎనిమిది గంటలకు తనిఖీకి వెళ్లి, తొమ్మిదికల్లా చాయ్ తాగి తిరిగి వచ్చేవాణ్ని. ఆ రోజుల్లో ఒక బంగళా ముందు మెట్టతామర నాటించాను. అరటాకులాంటి ఆకు, కోడిపుంజు జుట్టంత ఎర్రటి పువ్వు. చలికాలమంతా విరగబూసింది. పెద్దవాళ్లు కారు ఆపి చూశారు. పొగడ్త మూటగట్టుకుని బదిలీ మీద వెళ్లిపోయాను. వేసవిలో అది నిలువునా ఎండిపోయిందని, దానికి మాటపడింది నా తర్వాత వచ్చినవాడని చాలాకాలానికి తెలిసింది. మన కొలువులో ఇది బాగా జరుగుతుంది. నాటినవాడికి దండ, తర్వాతివాడికి ఎండిన కాడలు.

ఎండిన మడి

బదిలీ ఆదిలాబాద్ జిల్లాకు. బోథ్ చుట్టుపక్కల సర్కారు కట్టడాల ముందున్న తోటలన్నీ నా కిందికి వచ్చాయి. తోటలంటే ఏదో ఊహించుకోకండి. కచేరి ముందు ఒక మడి, ప్రయాణికులు దిగే ముసాఫిరుఖానా ముందు ఒక మడి, అంతే. అడవి అంచున ఒక చిన్న ఊళ్లో దవాఖాన ఉండేది. ఆ ఊరి పేరు రాయను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఆ దవాఖానలో కాన్పుల గది ఒకటి. దాని కిటికీ ముందు పది గజాల చోటు. చూడగానే నా చేతులు ఊరుకోలేదు. మెట్టతామర గడ్డలు తెప్పించి మడి నిండా పెట్టించాను. ఒకసారి నాటితే చాలు, ఏటేటా తనంతట తానే పిలకలేసి పూసే మొక్క, ఇంతకంటే సుఖమేముంది అనుకున్నాను. మడికి నీళ్లు పోయడానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చని మా కాగితాల్లో ఉండేది. ఆ పనికి పోశవ్వ కుదిరింది.

పోశవ్వకు అప్పుడు ముప్పై దాటి ఉంటాయి. పెనిమిటి కలప బండి బోల్తాపడి పోయాడు. ఇంట్లో చూపు సరిగా ఆనని అత్త, ఒక చిన్న కూతురు. బావి ఊరి చివర వాగు ఒడ్డున ఉండేది. అక్కడినుంచి కావడి మీద రోజంతా నీళ్లు మోయాలి. ఎక్కువ మాట్లాడేది కాదు. మాట్లాడితే మాత్రం ఆ మాట సూటిగా తగిలేది.

మొదటి వేసవికే మడి ఎండింది. సరే ఎండలు ముదిరాయనుకున్నాను. రెండో వేసవిలోనూ ఎండింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. "నీళ్లు పోస్తున్నవా, లేదా?" అని పోశవ్వను అందరి ముందూ అడిగాను.

"మోస్తున్న సారు," అంది.

మోయడానికీ పోయడానికీ మధ్య ఏముందో నేను అడగలేదు. తనిఖీ పుస్తకం తెరిచి, "నీళ్లు పోయు స్త్రీ నిర్లక్ష్యము వలన మొక్కలు ఎండినవి, ఇక ముందు ఇట్లు జరిగిన తొలగించవలెను" అని రాసి సంతకం పెట్టాను. చదువు రాని మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఆమె గురించి చెడ్డ మాట రాయడం ఎంత తేలికో అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బస్సు చెడిపోయిన రోజు

వారం తర్వాత ఎప్పటిలాగే పొద్దున్నే అటు వెళ్లాను. తిరుగు బస్సు ఊరు దాటకముందే చెడిపోయింది. రోడ్డు పక్క ఎంతసేపు నిలబడతాం? నీడ కోసం దవాఖాన అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. పగలు రెండు గంటలైంది. దారోగా సాబు చెప్పిన వేళ నా ప్రమేయం లేకుండానే కుదిరింది.

పోశవ్వ కావడితో వచ్చింది. నన్ను చూడలేదు. మడి పక్కనుంచి నడిచింది, మడి వైపు తల కూడా తిప్పలేదు. నేరుగా కాన్పుల గది వెనక తలుపు దగ్గరికి వెళ్లి, రెండు కుండలూ లోపలి నీళ్ల గోళెంలో వంచింది. మళ్లీ బావికి వెళ్లింది. మళ్లీ వచ్చింది. మళ్లీ గోళెంలోకే. మూడోసారి నేను లేచి నిలబడ్డాను.

"పోశవ్వా, గివి పూలకు పోసే నీళ్లు గదా?"

ఆమె ఉలిక్కిపడలేదు. కుండ దించి కొంగుతో మొహం తుడుచుకుంది. "అవును సారు. లోపల ఇద్దరు బాలింతలున్నరు. ఇంకొకామె పొద్దటిసంది నొప్పులు తీస్తుంది. గోళెం అడుగంటింది. నీళ్లు లేకుంటె ఎట్ల?"

"మడి ఎండిపాయె గదా?"

"ఎండుతది సారు. మల్ల మొలుస్తది. గడ్డ లోపల పానంతోనే ఉంటది, మీకెర్క లేదా?"

నాకు తెలుసు. పుస్తకంలో చదివాను. వేసవికి పైన ఎండినా గడ్డ బతికే ఉండి, వానలకు చిగురిస్తుంది. నేను చదువుకున్నది ఆమె చూసి తెలుసుకుంది.

"మొన్న అడిగితే ఎందుకు చెప్పలే?"

"పూలెందుకెండినయ్ అని అడిగిన్రు. నీళ్లు ఏడికి పోతున్నయ్ అని అడగలే," అని మళ్లీ కావడి ఎత్తుకుంది.

లోపలినుంచి డాక్టరమ్మ బయటికి వచ్చింది. హైదరాబాదులో చదివి, కోరి ఇంత దూరం వచ్చిన మనిషి. విషయం ఆమెకు మొదటినుంచీ తెలుసు. కాన్పుల గదికి నీళ్ల మనిషిని ఇవ్వమని ఆమె రాసిన అర్జీలకు జవాబు లేదు. పూలకు నీళ్ల మనిషిని మాత్రం నేను అడగకుండానే ఇచ్చారు. "మీ పూల పుణ్యాన మాకు నీళ్లొస్తున్నాయండీ," అంది. ఎకసెక్కమో కృతజ్ఞతో తేల్చుకోలేకపోయాను. రెండూ కావచ్చు.

తనిఖీ పుస్తకం తెప్పించుకుని నా రాతను అడ్డంగా కొట్టేసి, పక్కన "పొరపాటు నాది" అని రాశాను. ఆ కొలువులో నా తప్పును నేనే సిరాతో దిద్దుకున్నది ఆ ఒక్కసారే. చాలాసార్లు చేయవలసింది.

ఎర్ర పువ్వా, అడవి చెట్టా

మెట్టతామర తీసేసి ఆ చోట రేల చెట్టు పెడదామని నాకు తోచింది. కొత్తవాళ్ల కోసం కారణాలు చెబుతాను. రేల మన అడవి చెట్టు. మొదటి రెండు మూడేళ్లు కాపాడితే తర్వాత వేరు తన నీళ్లు తాను వెతుక్కుంటుంది. మేకలు దాన్ని పెద్దగా ముట్టవు. మిగతావన్నీ మాడిపోయే నడి ఎండల్లో పసుపు గుత్తులు వేలాడేసుకుని నిలబడుతుంది. మోదుగ కూడా మంచిదే కానీ ఊళ్లో పెడితే విస్తళ్లకని ఆకు మిగలనివ్వరు. ఇప్ప పువ్వు తెల్లారేసరికి రాలి, దాని వెనక సారా గొడవ వస్తుంది. దవాఖాన ముందు అది వద్దు.

డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఆమె వాదన ఇప్పటికీ కొట్టిపారేయలేను.

"మీ రేల ఎన్నేళ్లకు పూస్తుంది?"

"ఆరేడేళ్లు పడుతుందమ్మా."

"ఇక్కడికి కాన్పుకు వచ్చే మనిషి అయిదు రోజులుంటుంది. బిడ్డను కని, కళ్లు తెరిచి కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఒక పువ్వు కనపడాలి. ఏడేళ్ల తర్వాత పూసేదాన్ని ఆమెకెలా చూపించను?"

ఏ ఏటికా యేడు పూసే మొక్క ఈనాటి మనిషికి, చెట్టు రేపటి మనిషికి. రెండిట్లో ఏది గొప్పదని పుస్తకాల్లో వాదించుకోవచ్చు, కిటికీ దగ్గర నిలబడితే అంత తేలిక కాదు. దవాఖాన చుట్టూ ఒక చుట్టు తిరిగాను. స్నానాల గది వెనక, వాడిన నీళ్లు ఊరికే పారి బురదైన చోటు కనపడింది. మెట్టతామరకు బురదంటే పండగ. గడ్డలన్నీ తవ్వించి అక్కడికి మార్పించాను. గదికి వెనకవైపు కూడా ఒక కిటికీ ఉంది, మంచాలను అటు తిప్పితే సరిపోయింది. ఒక్క కుండ మంచినీళ్లు పోయకుండా ఆ మొక్కలు ఆ యేడు వేసవిలో కూడా పూశాయి. డాక్టరమ్మ నవ్వి, "ముందు చోటు ఇప్పుడు మీ చెట్టుకు ఇచ్చాను," అంది.

ఇందులో నీతి కావాలంటే ఇదే: చెడ్డ మొక్క లేదు, తప్పు చోట పెట్టిన మొక్క ఉంది. నాటినవాడు అక్కడ ఉండడు కాబట్టి ఆ తప్పు ఇంకొకరు మోస్తారు.

గుడ్డేలుగు విత్తనం

రేల కాయ మూరెడు పొడుగు, లోపల బిళ్లల్లాంటి గింజలు. సంచెడు గింజలు తెప్పించి నారుమడి పోశాను. ఒక్కటి మొలవలేదు. మట్టి మార్చి మళ్లీ పోశాను. మొలవలేదు. అడవి నిండా ఉన్న చెట్టు సర్కారు నారుమడిలో మొలవకపోతే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

పోశవ్వ చాలా రోజులు చూసి ఊరుకుంది. ఒకనాడు కుండ దించుతూ, "గట్ల మొలవయి సారు," అంది. "గుడ్డేలుగు కడుపుల పడ్డ ఇత్తే మొలుస్తది. పెంకు గట్టిది గదా. అది తింటె గా పెంకు మెత్తవడుతది."

నవ్వాను. ఆమె నవ్వలేదు. వారానికి ఒక టేకాకు పొట్లం తెచ్చి నా ముందు విప్పింది. అడవి దారిలో ఎలుగుబంటి పెంటలోంచి ఏరి, కడిగి ఆరబెట్టిన గింజలు. పరువు పక్కన పెట్టి అవే పోశాను. పది పదిహేను రోజుల్లో మడి పచ్చబడింది. గింజ చివర పెంకును రాతి మీద అరగదీసి నానబెట్టినా అదే ఫలితం వస్తుందని తర్వాత నేర్చుకున్నాను. మీరు అదే చేయండి. ఎలుగుబంటి వెనక పడవద్దు.

పెద్దసారు షరతు

నారు మూరెడు ఎత్తుకు వచ్చిన చలికాలంలో మా కొలువు పెద్దసారు తనిఖీకి వచ్చాడు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాది కాలేదు. ఆయన కొత్తగా కోస్తా వైపునుంచి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు. అడిగింది సరిగ్గానే అడిగాడు.

"మడి తీసేశారు కదా. మరి ఈ నీళ్ల మనిషి ఎందుకయ్యా?"

నీళ్లు మిగిల్చానని లోలోపల పొంగిపోతున్నాను. ఆ మిగిల్చిన నీళ్లతో పాటు మనిషిని కూడా తీసేశానని అప్పుడుగానీ తెలియలేదు. పోశవ్వ కొలువు మెట్టతామరను పట్టుకుని ఉంది. మడి పోతే ఆమె పోతుంది, ఆమె పోతే కాన్పుల గది గోళెం ఎండుతుంది. ఒకే మడి దగ్గర రెండుసార్లు పొరపాటు చేశాను.

"రేల మొక్క పెడుతున్నాం సార్. దానికీ నీళ్లు కావాలి," అన్నాను.

"ఎన్నాళ్లు?"

రెండేళ్లు అంటే నిజం. కిటికీలోంచి డాక్టరమ్మ నా వైపే చూస్తోంది. "పూసేదాకా సార్," అన్నాను.

పెద్దసారు నా చేతిలోని పుస్తకం వైపు వేలు చూపించాడు. "సరే, రాయి. పూసేదాకా నీళ్లు పోయాలి. పూసిన నాడు ఆ మనిషిని తీసెయ్. ఏటా వేసవిలో తనిఖీ చేసి పూసిందీ లేనిదీ నాకు రాసి పంపు."

వానలకు మొక్క నాటించి, ముళ్లకంప చుట్టించి, ఆ సంగతి పోశవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. దాచడం నాకు ఇష్టం లేదు. "చెట్టు పూసిన నాడు నీ కొలువు పోతది పోశవ్వా. గంతవరకు ఫికర్ లేదు."

ఆమె ఆ మూరెడు మొక్కను కాసేపు చూసింది. "గట్లనా? అయితే దీనికేం తొందరున్నది సారు," అంది.

రోజూ మొక్కకు ఒక కుండ, గోళెంలోకి మిగతావన్నీ. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పూయని చెట్టు

చెట్టు పూయకూడదని కోరుకున్న తోటవాణ్ని మీరు చూసి ఉండరు. నేను ఉన్నాను. ఏటా వైశాఖంలో బస్సులో ఆ దారిన వెళుతూ పక్కనున్న రేల చెట్లనే చూసుకునేవాణ్ని. మూడో యేడు, నాలుగో యేడు నిశ్చింత. అయిదో యేడు చెట్టు నా రెండు నిలువుల ఎత్తైంది. దాని మోడు కొమ్మలను చూసి, ఎండిందా ఏమిటని ఎవరో అడిగితే నాకు లోపల సంతోషమేసింది. డాక్టరమ్మ అర్జీలు ఇంకా అక్కడా ఇక్కడా తిరుగుతూనే ఉన్నాయి. ఆయాలకిచ్చే నీలి అంచు తెల్లచీర పోశవ్వకు కట్టించాలని ఆమె పంతం. మా ఇద్దరి లెక్కా ఒకటే: ఆ చీర ముందు రావాలి, పువ్వు తర్వాత రావాలి.

ఆరో యేడు బస్సు దారి పొడవునా రేల చెట్లు పసుపు ఆరబోసినట్టున్నాయి. వీటి ఈడుదేగా మనది కూడా అనుకున్నాను. ఇక పోశవ్వకు ఏ మొహంతో చెప్పాలి, ముసలి అత్తను, పిల్లను ఏం పెట్టి సాకుతుంది, ఇవే ఆలోచనలు. బస్సు దిగి తలెత్తకుండా నడిచి, దవాఖాన ముందు తలెత్తాను.

చెట్టు నిండా లేత ఆకు. ఒక్క పువ్వు లేదు.

అంత హాయి నాకు పెళ్లినాడు కూడా కలగలేదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాను. తర్వాత కొలువు బుద్ధి ఊరుకోక చెట్టు కిందికి వెళ్లి చూశాను. కొమ్మల కొసల్లో, గుత్తులు రావలసిన చోట, సన్నటి కాడలు తుంచిన గుర్తులు. పచ్చిగా ఉన్నాయి. గోడకు ఒక దోటికర్ర ఆనించి ఉంది. పళ్ల చెట్టు ఒక్కటైనా లేని చోట దోటికర్ర దేనికో నేను అడగలేదు.

మధ్యాహ్నం పోశవ్వ ఇంటినుంచి జొన్నరొట్టె, కూర తెచ్చింది. నేనూ డాక్టరమ్మా అరుగు మీద కూర్చుని తింటున్నాం. కూర కొంచెం వగరుగా, కమ్మగా ఉంది.

"గిదేం కూర పోశవ్వా?"

"పెసరపప్పు సారు."

"పప్పుల ఇంకేదో ఏసినవు?"

"అడవి ఆకు ఏదో ఏసిన. కడుపుకు మంచిది. తినుండ్రి."

రెండో రొట్టె దగ్గర నా వేలికి ఒక సన్నటి పోగు తగిలింది. కొక్కెంలా వంగి, కొసన చిన్న గింజంత ముడి. రేల పువ్వు కేసరం అలా ఉంటుంది. మరే పువ్వుదీ ఉండదు. పద్నాలుగేళ్లు పూల మధ్య తిరిగినవాడు పొరబడడు. డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె చాలా శ్రద్ధగా కిటికీ వైపు చూస్తోంది. పోశవ్వ మాత్రం నా వైపే చూస్తోంది. ఆమె కళ్లలో భయం మొదటిసారి చూశాను. అందరి ముందూ గద్దించినప్పుడు కూడా లేని భయం.

ఆ పోగును రొట్టె ముక్కలో చుట్టి నోట్లో వేసుకున్నాను. "కూర మంచిగున్నది. ఇంకింత ఎయ్యి," అన్నాను.

ఆమె వేసింది. తర్వాత తనిఖీ పుస్తకంలో "రేల చెట్టు: ఈ యేడు పువ్వు కనబడలేదు" అని రాసి సంతకం పెట్టాను. కనబడలేదన్నది అబద్ధం కాదని సర్దుకోవచ్చు. నేను సర్దుకోను. తెలిసే రాశాను. ఆ పుస్తకంలో నేను రాసిన మొదటి మాట నిజమని నమ్మి రాసిన అన్యాయం, ఈ మాట అబద్ధమని తెలిసి రాసిన న్యాయం. కొత్త పిల్లలకు అబద్ధాలు రాయమని చెప్పను. ఎవరి కూడు మీద రాస్తున్నారో చూసి రాయమని చెబుతాను.

ఒక సంగతి దాచను. రేల పూల కూర కడుపును కడిగేస్తుంది. తిరుగు బస్సును నేను రెండుసార్లు ఆపించవలసి వచ్చింది.

ఏడో యేడు కూడా చెట్టు "పూయలేదు." నేను కూర తిన్నాను.

కండక్టరు తెచ్చిన మాట

ఆ తర్వాత నన్ను మళ్లీ కరీంనగర్‌కు వేశారు. నా చోట్లోకి ఒక చురుకైన కుర్రవాడు వచ్చాడు. పొద్దున్నే ఆరింటికి తనిఖీకి వెళతాడట, పువ్వు తుంచకముందే. కూరలు తినడట. ఈ రెండు మాటలూ విన్నాక నాకు తిండి సయించలేదు. డాక్టరమ్మకు ఉత్తరం రాద్దామంటే ఏమని రాయాలి? అది ఇంకొకరి చేతిలో పడితే? రాయలేదు.

ఆ వేసవిలో ఒకరోజు కరీంనగర్ బస్టాండులో పెద్దపల్లి బస్సు కోసం కూర్చున్నాను. ఆదిలాబాద్ వైపునుంచి వచ్చిన బస్సు ఆగింది. దాని కండక్టరు నాకు పాత ఎరుక. నేను బస్సు ఆపించిన రెండుసార్లూ ఆ బస్సులో ఉన్నవాడే. చూడగానే నవ్వుకుంటూ వచ్చాడు.

"సారూ, మీ దవాఖాన ముంగట చెట్టు ఏం పూసింది, ఏం పూసింది. బస్సు ఆపి చూస్తున్నరు జనం."

"పూసిందా?" అన్నాను.

"ఆకు కనవడ్తలేదు సారూ. అంత పువ్వే."

అయిపోయింది అనుకున్నాను. కొత్తవాడు చూసి ఉంటాడు, రాసి ఉంటాడు, ఆమెను తీసేసి ఉంటారు. తుంచే మనిషి లేకనే పూసింది. అడగడానికి భయపడుతూనే అడిగాను. "అక్కడ నీళ్లు మోసే ఆమె ఒకామె ఉండాలె. పోశవ్వ అని. కనవడ్డదా?"

"కనవడ్డది. తోటకు నీళ్లెక్కడ మోస్తుంది సారూ ఇప్పుడు? నీలి అంచు తెల్లచీర కట్టుకొని, చెట్టు కింద రాలిన పువ్వు మీద ఎవరిని నడవనిస్తలేదు. నేను కరీంనగర్ పోతున్నంటే మీకొక మాట చెప్పుమన్నది." కండక్టరు తల గోక్కున్నాడు. "ఏందో నాకు సమజ్ కాలే గని, ఉన్నదున్నట్టు చెప్తున్న. 'గీ యేడు కూర లేదని సారుకు చెప్పు' అన్నది. ఏం కూర సారూ?"

కళ్లు తుడుచుకుంటూ నవ్వుతుంటే ఆయన కంగారుపడి నా పక్కనే కూర్చున్నాడు. పెద్దపల్లి బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను లేవలేదు.